పట్టికలో ఖాళీ గడి: తైవాన్‌ను బయట ఉంచితే నష్టం ఎవరికి?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఏటా మే నెలలో జెనీవాలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) సభ్య దేశాల వార్షిక సమావేశమైన ప్రపంచ ఆరోగ్య సభ మొదలయ్యే ముందు రోజుల్లో అంతర్జాతీయ వార్తల పేజీలో ఓ మూల నాలుగు వాక్యాల వార్త కనిపిస్తుంది. తైవాన్‌కు ఈసారి కూడా ఆహ్వానం అందలేదని, చైనా అభ్యంతరం చెప్పిందని దాని సారాంశం. 2017 నుంచి ఆ వార్తలో సంవత్సరం తప్ప పెద్దగా ఏదీ మారడం లేదు. చైనా, తైవాన్‌ల పాత తగాదాలో ఇది మరో విడత అనుకుని చాలామంది పేజీ తిప్పేస్తారు. జిల్లా స్థాయిలో అంటువ్యాధుల నిఘా విభాగంలో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేసిన నాకు మాత్రం అది దౌత్య వార్తగా కాక ఆరోగ్య వార్తగానే కనిపిస్తుంది. అందువల్లే ఈ లేఖ సాధారణంగా పాఠకుల లేఖలకు ఉండే నిడివిని మించినా మన్నించమని కోరుతూ కొంత వివరంగా రాస్తున్నాను.

మా విభాగంలో కొత్తగా చేరినవారికి మొట్టమొదట నేర్పేది ‘నిల్’ రిపోర్టు సంగతి. ఉపకేంద్రం నుంచి ఆరోగ్య కార్యకర్త ఎస్ ఫారం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి వైద్యాధికారి పి ఫారం, ల్యాబ్ నుంచి ఎల్ ఫారం వారం వారం రావాల్సి ఉండేది. ఆ వారం ఒక్క కేసు లేకపోయినా గడిని ఖాళీగా వదలకూడదు, సున్నా వేసి పంపాల్సిందే. సున్నా ఉందంటే అక్కడ ఎవరో చూశారని, చూసి ఏమీ లేదని తేల్చారని అర్థం. ఖాళీగా ఉంటే మాత్రం ఎవరూ చూడలేదో, చూసినా చెప్పుకునే దారి లేదో తెలియదు. అందుకే సున్నాలు వచ్చిన ఊళ్ల కంటే ఖాళీ గళ్లు వచ్చిన ఊళ్లకే మేం ముందు పరుగెత్తేవాళ్లం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో 2 కోట్ల 30 లక్షలకు పైగా జనాభా ఉన్న తైవాన్ అలాంటి ఖాళీ గడి. అక్కడ చూసేవారు లేక కాదు, చూసినవారు తమ గడిని తామే నింపే వీలు లేక.

ఈ పరిస్థితి మొదటి నుంచీ లేదు. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్య సమితి ఏర్పాటుపై చర్చలు జరుగుతున్నప్పుడు ఆరోగ్యానికి విడిగా ఒక అంతర్జాతీయ సంస్థ ఉండాలని పట్టుబట్టినవారిలో అప్పట్లో చైనాను పాలిస్తున్న చైనా రిపబ్లిక్ ప్రభుత్వ బృందంలోని ఒక వైద్యుడు, బ్రెజిల్ బృందంలోని మరో వైద్యుడు ముఖ్యులు. 1948లో సంస్థ పుట్టినప్పుడు ఆ చైనా రిపబ్లిక్ వ్యవస్థాపక సభ్యురాలు. అంతర్యుద్ధంలో ఓడి ఆ ప్రభుత్వం తైవాన్ ద్వీపానికి చేరాక కూడా రెండు దశాబ్దాలకు పైగా ఆ సభ్యత్వం కొనసాగింది. డబ్ల్యూహెచ్‌ఓ సాయంతోనే తైవాన్ మలేరియాను తరిమి 1965లో ఆ మేరకు ధ్రువీకరణ పొందింది. 1971 అక్టోబరు 25న ఐరాస సర్వసభ్య సభ 2758వ తీర్మానంతో చైనా స్థానాన్ని బీజింగ్‌లోని కమ్యూనిస్టు ప్రభుత్వానికి అప్పగించింది. మరుసటి ఏడాది ఆరోగ్య సభ కూడా అదే బాట పట్టింది. చైనా తరఫున ఎవరు కూర్చోవాలనే ప్రశ్నకు అది జవాబు. తైవాన్‌లో అంటువ్యాధి పుడితే ఎవరు ఎవరికి చెప్పాలనే ప్రశ్నను మాత్రం అప్పుడెవరూ అడగలేదు, దాని ఖరీదు తర్వాత తెలిసింది.

2003లో ప్రాణాంతక శ్వాసకోశ అంటువ్యాధి సార్స్ వచ్చింది. తైవాన్‌లో మొదటి కేసు మార్చి మధ్యలో బయటపడింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం నిపుణులు ఆ నెలలోనే వెళ్లారు. డబ్ల్యూహెచ్‌ఓ నుంచి ఇద్దరు నిపుణులు తైపేలో దిగేసరికి మే మొదటి వారం అయింది. ఈ మధ్యలోనే, ఏప్రిల్ 24న, తైపేలోని హోపింగ్ ఆసుపత్రిని సుమారు వెయ్యి మంది రోగులు, సిబ్బంది, సహాయకులు లోపల ఉండగానే మూసివేశారు. ఎవరికి సోకిందో, ఎవరికి సోకలేదో వేరు చేసే ఏర్పాటు సరిగా లేకుండా అందరినీ ఒకే కప్పు కింద ఉంచిన ఆ నిర్ణయం గురించి తైవాన్‌లో ఈనాటికీ బాధతోనే మాట్లాడుకుంటారు. డబ్ల్యూహెచ్‌ఓ లెక్క ప్రకారం ఆ ఏడాది అక్కడ 346 మందికి సార్స్ సోకింది, 37 మంది మరణించారు. నిపుణులు ముందే వచ్చి ఉంటే హోపింగ్ విషాదం తప్పేదని నేననను. సలహా ఇచ్చేవారు అందుబాటులో ఉన్నా తప్పు నిర్ణయాలు జరుగుతాయని ఉద్యోగ జీవితంలో చూసినవాడినే. అయితే కొత్త వ్యాధి ఒకటి చుట్టుపక్కల దేశాలను చుట్టుముడుతున్నప్పుడు, హాంకాంగ్‌లో, సింగపూర్‌లో ఏ పద్ధతి పనిచేస్తోందో రోజూ తెలుసుకునే హక్కు ఒక ప్రాంతానికి ఉండి మరో ప్రాంతానికి లేకపోవడాన్ని ఏ ఆరోగ్య సూత్రమూ సమర్థించదు.

సార్స్ తర్వాత ప్రపంచమూ కొంత నేర్చుకుంది. అంటువ్యాధుల సమాచారం పంచుకోవడంపై 2005లో సవరించిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు 2007 జూన్ నుంచి అమల్లోకి వచ్చాయి. ప్రపంచ ప్రజలందరినీ కాపాడేందుకు ఇవి సార్వత్రికంగా వర్తించాలన్న లక్ష్యాన్ని మూడో అధికరణంలోనే రాసుకున్నారు. ఆ తర్వాత తైపేలో, బీజింగ్‌తో సఖ్యత కోరే ప్రభుత్వం ఉన్న కాలంలో, 2009 నుంచి 2016 వరకు వరుసగా ఎనిమిదేళ్లు ‘చైనీస్ తైపే’ పేరుతో తైవాన్ ఓటు హక్కు లేని పరిశీలక హోదాలో ఆరోగ్య సభకు వచ్చింది. దీనికోసం సంస్థ రాజ్యాంగాన్ని సవరించలేదు, ఓటింగ్ పెట్టలేదు. డైరెక్టర్ జనరల్ రాసిన ఆహ్వాన లేఖ సరిపోయింది. ఆ ఎనిమిదేళ్లలో తైవాన్ సార్వభౌమ దేశమని ఎవరూ కొత్తగా గుర్తించలేదు, చైనా పటం మారలేదు, ఆకాశం విరిగిపడలేదు. 2016 మేలో తైపేలో ప్రభుత్వం మారింది. మరుసటి ఏడాది నుంచి ఆహ్వానం ఆగిపోయింది. అంటే ఒక ప్రాంత ప్రజలు ఎన్నికల్లో ఎవరికి ఓటేశారన్నది, జెనీవాలో డెంగీ మీద, ఫ్లూ మీద, యాంటీబయాటిక్ మందులకు లొంగని క్రిముల మీద జరిగే చర్చలో వారికి కుర్చీ ఉంటుందా లేదా అన్నదాన్ని నిర్ణయించిందన్నమాట. జాతి, మతం, రాజకీయ విశ్వాసం వంటి భేదాలు లేకుండా ప్రతి మనిషికీ ఆరోగ్యం హక్కని పీఠికలో రాసుకున్న సంస్థ ఇది.

ఇక 2019 చివరి రోజు సంగతి. డిసెంబరు 31 తెల్లవారుజామున తైవాన్ వ్యాధి నియంత్రణ కేంద్రం అప్పటి ఉపాధిపతి డాక్టర్ లో యీచున్ నిద్రపట్టక, స్థానిక ఆన్‌లైన్ చర్చావేదిక ఒకటి చూస్తుండగా వుహాన్ వైద్యుల మధ్య తిరుగుతున్న సందేశాల నకళ్లు ఆయన కంటపడ్డాయి. అదే రోజు తైవాన్ అధికారులు డబ్ల్యూహెచ్‌ఓకు ఒక ఈమెయిల్ పంపారు. వుహాన్‌లో కనీసం ఏడు అసాధారణ న్యుమోనియా కేసులు వచ్చినట్టు వార్తలు వస్తున్నాయని, అది సార్స్ కాదని అక్కడి ఆరోగ్యాధికారులు చెబుతున్నా నమూనాల పరీక్ష ఇంకా పూర్తికాలేదని, రోగులను విడిగా ఉంచి చికిత్స చేస్తున్నారని, మీ దగ్గర ఉన్న సమాచారం ఏదైనా ఉంటే తెలపమని అందులో ఉంది. అదే రోజు నుంచి వుహాన్ విమానాలు దిగగానే లోపలికెక్కి ప్రయాణికులను పరీక్షించడం మొదలుపెట్టారు.

ఈ ఈమెయిల్ మీద తర్వాత పెద్ద వాదమే నడిచింది. మనిషి నుంచి మనిషికి సోకుతుందని తాము హెచ్చరించామని తైవాన్, అందులో ఆ మాటే లేదని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పుకొన్నాయి. అక్షరాలు చూస్తే డబ్ల్యూహెచ్‌ఓ మాట నిజమే. కానీ రోగులను విడిగా ఉంచారన్న వాక్యం చదివిన ఏ నిఘా అధికారికైనా చెవులు నిక్కబొడుచుకోవాలి. అంటుతుందన్న అనుమానం లేకపోతే న్యుమోనియా రోగిని విడిగా ఎందుకు ఉంచుతారు? నా దృష్టిలో అసలు లోపం ఆ ఈమెయిల్ రాతలో లేదు, అది చేరిన దారిలో ఉంది. సభ్య దేశమైతే జాతీయ కేంద్రం అడిగిన ప్రశ్నకు జవాబు రాబట్టుకునే పద్ధతి ఉంటుంది, మిగతా దేశాలకు ఏం తెలిసిందో చూసే వీలుంటుంది, జవాబు నచ్చకపోతే సభలో లేచి అడిగే అవకాశం ఉంటుంది. తైవాన్ విషయంలో ఆ ఉత్తరం అందిందన్న కబురు తప్ప అంతకుమించి పెద్దగా ఏమీ తిరిగి రాలేదు. జనవరి రెండో వారంలో తైవాన్ నిపుణులు ఇద్దరు వుహాన్ వెళ్లి వచ్చి, మనిషి నుంచి మనిషికి సోకే అవకాశాన్ని తోసిపుచ్చలేమని 16న తైపేలో వెల్లడించారు. అందుకు రెండు రోజుల ముందు, అలా సోకుతోందనడానికి చైనా అధికారుల ప్రాథమిక దర్యాప్తులో స్పష్టమైన ఆధారం దొరకలేదని డబ్ల్యూహెచ్‌ఓ సందేశం పెట్టింది. డబ్ల్యూహెచ్‌ఓ బృందం వుహాన్‌లో అడుగుపెట్టింది జనవరి 20న. ఆ నాలుగు రోజులు చిన్నవి కావని, అది చైనీయ నూతన సంవత్సర ప్రయాణాల కాలమని గుర్తుంచుకోవాలి.

జనవరి చివర్లో మరో వింత జరిగింది. డబ్ల్యూహెచ్‌ఓ నివేదికల్లో తైవాన్ అంకెలను చైనా కింద కలిపి చూపుతుండటంతో, చైనా విమానాలను ఆపేసిన ఇటలీ తైవాన్ విమానాలనూ ఆపేసింది. అప్పటికి తైవాన్‌లో తేలిన కేసులు అటూ ఇటూగా పది. కొద్ది రోజుల తర్వాత ఫిలిప్పీన్స్ కూడా తైవాన్‌కు ప్రయాణాలు నిషేధించి, తప్పు తెలుసుకుని నాలుగు రోజుల్లో ఎత్తేసింది. ఒక మండలంలో కలరా ఉంటే పక్క జిల్లాలో మార్కెట్ యార్డు మూయించామంటే మా పై అధికారి మమ్మల్ని ఊరుకునేవారు కాదు.

తైవాన్ బయట ఉండి కూడా కోవిడ్‌ను బాగానే ఎదుర్కొందిగా, ఇక సభలో కుర్చీ దేనికని కొందరు అడుగుతుంటారు. ఎదుర్కొన్నమాట నిజమే. 1995లో మొదలైన జాతీయ ఆరోగ్య బీమా దాదాపు ప్రతి ఒక్కరికీ కార్డు ఇచ్చింది. 2020 జనవరిలో ఆ సమాచారాన్ని వలస శాఖ రికార్డులతో కలిపి, రోగి కార్డు గీకగానే అతడు ఇటీవల ఎక్కడికి వెళ్లివచ్చాడో క్లినిక్‌లో డాక్టరుకు కనిపించే ఏర్పాటు చేశారు. మాస్కులను అదే కార్డు మీద రేషన్‌గా ఇచ్చారు. 2020 ఏప్రిల్ నుంచి డిసెంబరు వరకు 253 రోజుల పాటు స్థానికంగా ఒక్క కేసూ రాలేదు. (2022లో ఒమిక్రాన్ మాత్రం వారినీ ముంచెత్తింది.) ఇలాంటి అనుభవం ఉన్నవారిని సభ బయట నిలబెడితే నేర్చుకునే అవకాశం పోయింది మిగతా దేశాలకు. 2013లో మనిషికి హెచ్6ఎన్1 బర్డ్ ఫ్లూ సోకిన సంఘటనను ప్రపంచంలో మొదటిసారి కనిపెట్టింది తైవాన్ ప్రయోగశాలే. రేపు అలాంటిదే మరొకటి అక్కడ పుడితే, దాని నమూనా, జన్యుక్రమం ఎంత త్వరగా, ఎవరి అనుమతితో హైదరాబాద్‌లోని టీకా తయారీదారుల బల్ల మీదకు రావాలి? 2025 మే 20న ఆరోగ్య సభ ఆమోదించిన మహమ్మారి ఒప్పందంలో అన్నిటికంటే చిక్కు ముడి ఇదే. నమూనాలు పంచుకోవడం, వాటి నుంచి వచ్చే మందుల్లో, టీకాల్లో వాటా పంచుకోవడం అనే అంశాన్ని ప్రత్యేక అనుబంధానికి వదిలేశారు. ఆ బేరసారాల్లో తైవాన్ లేదు.

వ్యతిరేక వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు. తైవాన్ నిపుణులకు సాంకేతిక సమావేశాల్లో అవకాశం ఇస్తూనే ఉన్నామని, అది చాలునని బీజింగ్ అంటుంది. 2020 ఫిబ్రవరిలో కోవిడ్ పరిశోధనపై జరిగిన డబ్ల్యూహెచ్‌ఓ సమావేశంలో తైవాన్ నిపుణులు ఆన్‌లైన్‌లో పాల్గొన్న మాట వాస్తవం. అలా పిలిచినప్పుడు వెళ్లడం, పిలవనప్పుడు ఊరుకోవడం అత్యవసర సమయానికి పనికివచ్చే ఏర్పాటేనా అన్నదే ప్రశ్న. మన దేశంలో కొందరి అనుమానం వేరు. ఒక ప్రాంతానికి దాని మీద హక్కు చెప్పుకునే దేశం ఒప్పుకోకుండా అంతర్జాతీయ వేదిక మీద చోటిస్తే, రేపు అదే పద్ధతిని మన సరిహద్దు ప్రాంతాల విషయంలో ఎవరైనా ఎత్తిచూపరా అని. ఈ భయం అర్థం చేసుకోదగినదే. అయితే పరిశీలక హోదా సార్వభౌమత్వానికి ముద్ర కాదు. ఆ సభలో పాలస్తీనా పరిశీలకురాలు, వాటికన్ పరిశీలకురాలు, రెడ్‌క్రాస్ పరిశీలక సంస్థ. ఐరాసలో సభ్యత్వం లేని కుక్ దీవులు, నియూ డబ్ల్యూహెచ్‌ఓలో పూర్తి సభ్యులు. నియూ జనాభా రెండు వేల లోపే. అఫ్గానిస్తాన్‌లో తాలిబాన్ 2021లో అధికారం చేజిక్కించుకున్నాక దాదాపు ప్రపంచ దేశాలన్నీ ఆ ప్రభుత్వాన్ని గుర్తించకపోయినా అక్కడ పోలియో చుక్కలు వేసే పని ఆపలేదు. గుర్తింపు వేరు, వైద్యం వేరు అని డబ్ల్యూహెచ్‌ఓ తనకు అవసరమైనప్పుడు చక్కగానే విడదీయగలదు.

తలుపు తెరిచి ఉంచితే ఏం వస్తుందో చెప్పే ఉదాహరణ ఒకటి మన చేతుల మీదే ఉంది. 1949లో సోవియట్ యూనియన్, దాని వెంట తూర్పు ఐరోపా దేశాలు డబ్ల్యూహెచ్‌ఓ నుంచి వెళ్లిపోతున్నామని ప్రకటించాయి. సంస్థ రాజ్యాంగంలో వైదొలగే నిబంధనే లేదు. ఆ సంగతిని ఆసరా చేసుకుని, వారి పేర్లు కొట్టేయకుండా క్రియాశీలంగా లేని సభ్యులుగా ఉంచారు. ఏడేళ్ల తర్వాత వారు తిరిగి వచ్చారు. 1958లో అమెరికాలోని మినియాపొలిస్‌లో జరిగిన ఆరోగ్య సభలో, ప్రచ్ఛన్న యుద్ధం మంచి కాక మీద ఉన్న రోజుల్లో, సోవియట్ ఉప ఆరోగ్యమంత్రి, వైరస్ శాస్త్రవేత్త విక్టర్ జ్దానోవ్ లేచి మశూచిని భూమి మీద లేకుండా చేద్దామని ప్రతిపాదించారు. ఎండలో పాడవని పొడి టీకాను ఆ దేశం తర్వాతి రెండు దశాబ్దాల్లో 140 కోట్ల మోతాదులకు పైగా ఉచితంగా ఇచ్చింది. మన దేశానికి వాటిలో కోట్ల మోతాదులు వచ్చాయి. మన దేశంలో చివరి మశూచి కేసు 1975 మేలో. 1980 మేలో ఆరోగ్య సభ మశూచి లేదని ప్రకటించింది. మా తరంవారికి చేతి మీద ఇప్పటికీ కనిపించే గుండ్రటి టీకా మచ్చల్లో ఎన్ని ఆ టీకావో ఎవరు చెప్పగలరు? అమ్మవారు పోసిందంటే ఇంటి ముందు వేపమండలు కట్టి లోపలికి ఎవరినీ రానివ్వని ఊళ్లలో, టీకాల వాళ్లు గడప గడపకూ తిరిగి బతిమాలి వేసిన ఆ మందు ఏ దేశానిదని ఎవరూ అడగలేదు. 2025 జనవరిలో అమెరికా డబ్ల్యూహెచ్‌ఓ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించినప్పుడు ఈ చరిత్ర నాకు మళ్లీ గుర్తొచ్చింది. తానుగా వెళ్లిపోయిన దేశం కోసం తలుపు తీసి ఉంచడం తెలివైన పని అయితే, వస్తామని 1997 నుంచి తట్టుతున్నవారికి గడియ పెట్టడం ఏమిటి?

మన దేశం ఈ విషయంలో ఏం చేసిందని చూస్తే, ఎక్కువగా మౌనం పాటించింది. 2020 మేలో కోవిడ్ మధ్య డబ్ల్యూహెచ్‌ఓ కార్యనిర్వాహక మండలికి అప్పటి మన ఆరోగ్య మంత్రి హర్షవర్ధన్ అధ్యక్షులయ్యారు. తైవాన్ ప్రశ్న ప్రపంచమంతటా వినిపిస్తున్న రోజులవి. అయినా మన వైపు నుంచి స్పష్టమైన మాట రాలేదు. 2021 మే తొలివారంలో లండన్‌లో జీ7 విదేశాంగ మంత్రులు డబ్ల్యూహెచ్‌ఓ వేదికల్లో, ఆరోగ్య సభలో తైవాన్ అర్థవంతంగా పాల్గొనాలని ప్రకటన చేశారు. మన దేశం ఆ సమావేశానికి అతిథి. మన బృందంలో ఇద్దరికి కోవిడ్ తేలడంతో జైశంకర్ గారు ఆన్‌లైన్‌లో పాల్గొనవలసి వచ్చింది. అదే వారంలో, రెండో ఉధృతి మన ఆసుపత్రుల్లో ఊపిరాడనివ్వని రోజుల్లో, తైవాన్ పంపిన 150 ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు, 500 సిలిండర్లు ఢిల్లీలో దిగాయి. సాయం తీసుకున్నందుకు ఓటు వేసి రుణం తీర్చుకోమని నేననడం లేదు, అలా లెక్క కట్టడం విదేశాంగ విధానం కాదు. కష్టకాలంలో పనికివచ్చిన బంధాన్ని కష్టకాలం రాకముందే నిలబెట్టుకోమంటున్నాను.

మన రాష్ట్రాలకు ఇందులో పట్టింపు లేదనుకోవడానికీ లేదు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో, హైదరాబాద్ శివారు కొంగరకలాన్‌లో తైవాన్ కంపెనీ కర్మాగారాలున్నాయి. ఇంజనీర్లు అటూ ఇటూ తిరుగుతుంటారు. చదువుకు, చిప్‌ల పరిశ్రమలో ఉద్యోగాలకు అక్కడికి వెళ్లిన తెలుగు పిల్లలూ ఉన్నారు. అక్కడి వ్యాధి సమాచారం మన విమానాశ్రయాల ఆరోగ్యాధికారికి బీజింగ్ మీదుగా, జెనీవా మీదుగా తిరిగి వచ్చేదాకా ఆగడం మనకు మంచిది కాదు.

చేయవలసిందేమిటని అడిగితే, తైవాన్‌ను దేశంగా గుర్తించమని నేను కోరడం లేదు. ఆ నిర్ణయం వేరు, దాని తూకం వేరు. మొదట, జెనీవాలో తైవాన్ పరిశీలక హోదా ప్రస్తావన వచ్చినప్పుడల్లా, అటు ఇద్దరు ఇటు ఇద్దరు మాట్లాడించి ఎజెండా నుంచి తీసేసే తంతులో మన దేశం మౌన సాక్షిగా మిగలకుండా, 2009 నాటి ఏర్పాటును పునరుద్ధరించడానికి తమకు అభ్యంతరం లేదని ఒక్క వాక్యం చెప్పవచ్చు. అది కుదరదనుకుంటే, అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల కింద అత్యవసర సమాచారం తైపేకు, తైపే నుంచి నేరుగా వెళ్లేలా చూడాలని కోరవచ్చు. ఇది పేరు గొడవ లేని, పూర్తిగా సాంకేతికమైన కోరిక. ఆ రెండింటికీ జెనీవాలో ఇతరుల సమ్మతి కావాలి. మూడోదానికి అక్కరలేదు. ఢిల్లీలోని మన జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రానికీ తైవాన్ వ్యాధి నియంత్రణ కేంద్రానికీ మధ్య, 1995 నుంచి తైపేలో పనిచేస్తున్న ఇండియా-తైపే అసోసియేషన్ ద్వారా, రోజువారీ సమాచార మార్పిడికి ఒక ఏర్పాటు చేసుకోవచ్చు. డెంగీ మీద అయితే ఇరువైపులా చెప్పుకోవలసింది చాలా ఉంది. తైవాన్ దక్షిణాన తైనాన్, కావోష్యుంగ్ నగరాలు 2014, 2015లలో పెద్ద ఎత్తున డెంగీని ఎదుర్కొన్నాయి, మన పట్టణాలు ఏటా వానాకాలంలో ఎదుర్కొంటూనే ఉన్నాయి.

ఇందుకోసం కేంద్ర ప్రభుత్వం ఏం ఆలోచిస్తోందో ప్రజలకు తెలియాలి. లోక్‌సభలోనో రాజ్యసభలోనో మన రెండు రాష్ట్రాల సభ్యులు ఎవరైనా ఆరోగ్య శాఖకో, విదేశాంగ శాఖకో నక్షత్ర గుర్తు లేని ప్రశ్న ఒకటి వేసినా లిఖితపూర్వక జవాబు వస్తుంది. తైవాన్ వ్యాధి సమాచారం ప్రస్తుతం మనకు ఏ దారిలో, ఎంత ఆలస్యంతో చేరుతోందన్నదే ఆ ప్రశ్న కావాలని నా మనవి.

ఇట్లు,
భవదీయుడు,
ప్రజారోగ్య శాఖ విశ్రాంత ఉద్యోగి,
కాకినాడ